కొలరాడో నది వెంట గుడారం

కొలరాడో నది పుట్టేది రాకీ మౌంటెన్ నేషనల్ పార్కు ఉత్తరపు అంచున, సుమారు 3,100 మీటర్ల ఎత్తున ఉన్న లా పూడర్ పాస్ దగ్గర. అక్కడది చిన్న వాగు. అక్కణ్ణుంచి దాదాపు 2,330 కిలోమీటర్లు సాగే ఈ నది దారిలో పంటలకూ నగరాలకూ పంచుకోగా చివర సముద్రం చేరడమే అరుదైంది. దీని వెంట కారులో వెళ్తూ పార్కుల్లో గుడారం వేసుకోవాలనుకునేవారు ముందుగా లెక్క చూసుకోవాల్సింది ఎత్తు. పుట్టినచోట మంచు కరగకముందే దిగువన ఎడారి కాగిపోవడం మొదలవుతుంది. మొత్తం దారికి సరిపడే రోజులు ఏడాదిలో కొన్నే.

రాకీ మౌంటెన్ పార్కును అడ్డంగా దాటే ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు 3,713 మీటర్ల దాకా ఎక్కుతుంది. మంచు వల్ల అది మామూలుగా మే చివర తెరుచుకుని అక్టోబరు నడుమ మూతపడుతుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా యూటాలోని మోయాబ్ దగ్గర పగటి వేడి తరచు 38 డిగ్రీలు దాటుతుంది. జులై, ఆగస్టుల్లో ఉరుములతో కురిసే వానలకు ఎండిన వాగులు నిమిషాల్లో పొంగుతాయి. ఇవన్నీ కూడితే సెప్టెంబరు రెండో సగమే మేలైన అదను. పేరున్న క్యాంప్‌గ్రౌండ్లకు రిజర్వేషన్ ఆరు నెలల ముందు తెరుస్తారు గనుక మార్చిలోనే పని మొదలుపెట్టాలి. రాకీ మౌంటెన్‌లో రద్దీ నెలల్లో ఏ వేళకు లోపలికి రావాలో కూడా ముందే బుక్ చేసుకునే పద్ధతి కొన్నేళ్లుగా నడుస్తోంది. నిబంధనలు ఏటా మారుతున్నాయి కాబట్టి బయల్దేరే ఏడాది ప్రకటన చూసుకోక తప్పదు. పార్కులన్నిటికీ చెల్లే వార్షిక పాసు 2026 నుంచి అమెరికా నివాసులకు 80 డాలర్లు, ఇతరులకు 250.

ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు మిల్నర్ పాస్ దగ్గర ఖండవిభాజక రేఖను దాటి కావునీచీ లోయలోకి దిగుతుంది. యాత్రికుడికి కొలరాడో మొదట కనిపించేది ఇక్కడే, పచ్చికల మధ్య మెలికలు తిరుగుతూ. మూస్ దుప్పులు అందులో నీళ్లు తాగుతుంటాయి. లోయలోని టింబర్ క్రీక్ క్యాంప్‌గ్రౌండ్ దాదాపు 2,700 మీటర్ల ఎత్తున ఉంది. బెరడు పురుగు తినేసిన పైన్ చెట్లను కొట్టేయడంతో అక్కడ నీడ లేదు. సెప్టెంబరులోనే రాత్రి చలి సున్నాకు దగ్గరవుతుంది. వెచ్చని స్లీపింగ్ బ్యాగు లేకుండా పిల్లలతో పడుకోరాదు. ఎలుగుబంట్ల భయం ఉన్నందున వంటసామాను, సబ్బుతో సహా వాసన వచ్చే ప్రతిదీ అక్కడి ఇనుప పెట్టెల్లో పెట్టి మూయాలి.

గ్రాండ్ లేక్, గ్రాన్బీ, క్రెమ్లింగ్ ఊళ్ల దాకా రోడ్డు నదికి దగ్గరగానే ఉంటుంది. ఆ తరవాత నది గోర్ కొండచీలికలోకి దూరి రోడ్డును విడిచిపెడుతుంది. మళ్లీ కలిసేది గ్లెన్‌వుడ్ కాన్యన్‌లో. 1992లో పూర్తయిన ఐ-70 రహదారి ఇక్కడ నదిపక్కనే స్తంభాల మీద నడుస్తుంది. 2020 కార్చిచ్చులో చెట్లు మాడిపోయి, మరుసటి వేసవి వానలకు బురద జారి ఈ దారి రెండు వారాలకు పైగా మూతపడింది. అందుకే ప్రయాణపు లెక్కలో ఒక ఖాళీ రోజు ఉంచుకోవడం అవసరం.

యూటాలో అడుగుపెట్టాక ఐ-70 వదిలి 128వ నంబరు రోడ్డు పట్టాలి. మోయాబ్ దాకా ఉన్న ఈ డెబ్భై కిలోమీటర్లే యాత్ర మొత్తంలో అందమైన భాగం: ఒక పక్క ఎర్రని నిటారు గోడలు, మరో పక్క మట్టిరంగు నీళ్లు. ఒడ్డున బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ క్యాంప్‌గ్రౌండ్లు వరసగా ఉన్నాయి. వాటిలో చాలావరకు ముందొచ్చినవారిదే చోటు. మధ్యాహ్నానికి ముందే చేరడం మంచిది. ఆర్చెస్ పార్కులోని డెవిల్స్ గార్డెన్‌లో 51 చోట్లే ఉండటంతో రిజర్వేషన్ తెరిచిన రోజే పోటీ. కాన్యన్‌ల్యాండ్స్‌లోని విల్లో ఫ్లాట్‌లో 12 చోట్లు, చుక్క నీరు ఉండదు. తలకు రోజుకు నాలుగు లీటర్ల లెక్కన మోయాబ్‌లోనే నింపుకోవాలి. ఆ పార్కు నడుమన, రోడ్డు చేరని లోతులో, గ్రీన్ నది వచ్చి కొలరాడోలో కలుస్తుంది. 1869లో అన్వేషకుడు జాన్ వెస్లీ పావెల్ బృందం పడవల్లో వచ్చింది ఆ గ్రీన్ నది మీదుగానే.

ఇక్కడ నదికీ కారుకూ దారులు వేరవుతాయి. రోడ్డు దక్షిణంగా మాన్యుమెంట్ వ్యాలీ మీదుగా, నవాహో ఆదివాసుల స్వయంపాలిత ప్రాంతమైన నవాహో నేషన్‌లో సాగుతుంది. వేసవిలో నవాహోలు గడియారం ఒక గంట ముందుకు జరుపుతారు, ఆరిజోనాలోని మిగతా ప్రాంతం జరపదు. పడవకో టూరుకో వేళ బుక్ చేసుకున్నవారు ఈ తేడా మరిస్తే అది చేజారుతుంది. నవాహో నేలమీద గుడారానికి వారి అనుమతి కావాలి.

పేజ్ ఊరి దగ్గర గ్లెన్ కాన్యన్ డ్యాం నదిని ఆపి లేక్ పావెల్‌గా మార్చింది. డ్యాం వదిలే నీళ్లు లోతునుంచి వస్తాయి గనుక దిగువన లీస్ ఫెర్రీలో నది చల్లగా, తేటగా ఉంటుంది. ఇక్కడి క్యాంప్‌గ్రౌండ్ ఎత్తు వెయ్యి మీటర్ల లోపే. పక్కనే 1929 నాటి పాత నవాహో వంతెన మీద నడిచి, 142 మీటర్ల దిగువన నదిని చూడవచ్చు. దీని జంట వంతెన దాటితే హూవర్ డ్యాం దాకా కారుకు నదిని దాటే దారి లేదు.

ఆ తరవాత నది దిగుతూనే ఉంటుంది, రోడ్డు మాత్రం గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచుకు, 2,100 మీటర్ల ఎత్తుకు, మళ్లీ ఎక్కుతుంది. మోయాబ్‌లో మడిచిపెట్టిన ఉన్నిబట్టలు ఇక్కడ మళ్లీ తీయాలి. మాదర్ క్యాంప్‌గ్రౌండ్ ఏడాది పొడవునా తెరిచే ఉంటుంది. నది ఒడ్డుకు దగ్గర్లోని బ్రైట్ ఏంజెల్ క్యాంప్‌గ్రౌండ్‌కు కాలినడకన దాదాపు 1,400 మీటర్లు దిగాలి, పర్మిట్‌కు నెలల ముందే దరఖాస్తు పెట్టాలి. లోయ అడుగున వేసవి ఎండ మోయాబ్‌ను మించుతుంది కనుక, ఒక్క రోజులో దిగి ఎక్కవద్దని పార్కు సిబ్బంది హెచ్చరిస్తారు. గ్రాండ్ కాన్యన్ దాటాక నది హూవర్ డ్యాం వెనకున్న లేక్ మీడ్‌లో కలుస్తుంది. అక్కడి క్యాంప్‌గ్రౌండ్లు చలికాలానికి అనువైనవి. చాలామంది లాస్ వేగస్ విమానాశ్రయంలో కారు అప్పగించి, అక్కడితో యాత్ర ముగిస్తారు.