రఫ్తార్ కాదు, బాజీ చూడాలి

మొన్న జుమా నమాజ్ అయ్యాక మా పెద్దోడు తాడేపల్లిగూడెం నుంచి ఫోన్ చేశాడు. ఇంజినీరింగ్ చదువుతున్నాడు. గొంతులో ఉదాసీ.

"అబ్బా, నా మెహనత్ అంతా బర్బాద్" అన్నాడు.

సంగతి షత్రంజ్‌ది. స్టాక్‌ఫిష్ అని ఒక చదరంగం ప్రోగ్రాం. దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు, మార్పు పంపొచ్చు. మావాడు అందులో ఒక ముక్కని తిరగరాశాడు. చదవడానికి సాఫ్‌గా ఉంది గానీ ప్రోగ్రాం నెమ్మదించింది.

నాకు కోడ్ రాదు. అఖ్బార్ వాణ్ణి కాబట్టి సవాల్ అడగడం వచ్చు. "స్పీడ్ తగ్గించిన మార్పుని ఎప్పుడూ ఒప్పుకోలేదా బేటా?"

కాసేపు ఖామోష్. తర్వాత వాడే చెప్పాడు. 2020లో స్టాక్‌ఫిష్ 12లో ఎత్తుల్ని బేరీజు వేసే పద్ధతే మార్చారు. మనుషులు రాసిన సూత్రాలకు తోడు న్యూరల్ నెట్‌వర్క్ పెట్టారు. పాత పద్ధతి నూరు పొజిషన్లు చూసే టైంలో కొత్తది దాదాపు అరవై చూసేది. అయినా స్టాక్‌ఫిష్ 11తో రంగులు మార్చి రెండేసి ఆటలు ఆడిస్తే, ఓడిన జోడీలకు పదింతలు గెలిచింది. తక్కువ చూసినా సరిగ్గా చూసింది. 2023లో స్టాక్‌ఫిష్ 16 వచ్చేసరికి పాత సూత్రాల్ని పూర్తిగా తీసేశారు.

"మరి నీది?"

"ఫిష్‌టెస్ట్ అని ఉంది అబ్బా. వలంటీర్ల కంప్యూటర్ల మీద వేల ఆటలు ఆడిస్తారు. కోడ్ సులువయ్యి, ఆట బలం తగ్గకపోతే తీసుకుంటారు. నాది తగ్గించింది."

అంటే నుక్సాన్ నిజమే. దానికి బహానాలు వెతకొద్దన్నాను.

ఆ మాట నాకూ తగిలింది. 2006లో కొల్లేరులో చేపల చెరువుల గట్లు తెంచేస్తున్నప్పుడు నేను కొత్త విలేకరిని. ఉర్దూ మీడియం బుర్ర, చేతిలో తెలుగు డిగ్రీ. ఆలోచన ఒక జబాన్‌లో, రాత ఇంకో జబాన్‌లో. తోటివాళ్లు రెండు వార్తలు పంపేసరికి నాది ఒకటి. "జాగ్రత్తగా రాస్తున్నా" అని చెప్పుకునేవాణ్ణి. నిజానికి కొన్నాళ్లు జాగ్రత్త, కొన్నాళ్లు బద్ధకం. ఏది ఏదో మర్నాడు అచ్చయిన వార్తే చెప్పేది.

ఏలూరులో తివాచీలు నేసిన మా మామూ ఒక మాట అనేవారు. ముడులు దగ్గరగా వేసినా రోజులు ఎక్కువ పడతాయి, ముడి చేతకాకపోయినా ఎక్కువే పడతాయి. తివాచీని తిరగేసి చూస్తే తెలిసిపోతుంది.

రాత్రి మావాడి మెసేజ్ వచ్చింది: "మార్పుని రెండు ముక్కలు చేశా అబ్బా. నెమ్మదింపజేసేది వదిలేశా. రెండోది ఇమ్తెహాన్‌కి పంపా."

దువా చేయండి.