దోసె పిండి చిక్కదనం – మా ఇంటి మిక్సీ సంగతి



ఈసారి పోస్టు కొంచెం పొడుగు. కాఫీ తెచ్చుకొని కూర్చొని చదవండి. ఎప్పుడూ చెప్పేదే మళ్ళీ చెప్తున్నా. నేను చదివింది జోలార్‌పేట దగ్గర తమిళ మీడియం బడిలో. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, బుకింగ్ కౌంటర్లో కన్నడం. తెలుగు అక్షరాలు రిటైరైనాకే దిద్దినాను. తప్పులుంటే మనసులోనే దిద్దుకొని చదవండి.

పోయిన ఆదివారం రాత్రి మన సంఘంలోని ఒక చెల్లెలు ఫోన్ చేసింది. "అన్నా, మా ఆయన్ని ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చినాము. పక్షవాతం. మింగడం కష్టంగా ఉంది. మెత్తగా చేసి పెట్టమన్నారు. నీళ్ళుగా చేసి ఇస్తే సులభంగా దిగుతుంది కదా?" అని అడిగింది. ఆ మాట వినగానే నా ఒళ్ళు జల్లుమంది. "వద్దమ్మా, ఆగు" అన్నాను. గంటసేపు మాట్లాడినాము. పేరు లేకుండా అందరికీ రాయన్నా అని ఆమే చెప్పింది. అందుకే ఇది.

మీ అందరికీ తెలుసు, 2021లో మా ఇంటావిడకు స్ట్రోక్ వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయినాయి. మాట పోయింది. మింగడం కూడా పోయింది. నాలుగు వారాలు ముక్కులో ట్యూబు. ట్యూబు తీసేటప్పుడు మింగడం నేర్పే థెరపిస్టు అమ్మాయి వచ్చి నాకు కన్నడంలో చెప్పింది: "సార్, దోసె హిట్టు హాగె ఇరబేకు." అంటే ఏది ఇచ్చినా దోసె పిండి మాదిరి చిక్కగా ఉండాల. నీళ్ళు, కాఫీ, రసం, పల్చటివి ఏవీ వద్దు. నేను తల ఊపినాను. ముప్పై ఏడేళ్ళు కౌంటర్ వెనకాల కూర్చున్నోణ్ణి, తల ఊపడం బాగా వచ్చు.

ఇంటికొచ్చిన మూడో రోజు పొద్దున నేను ఫిల్టర్ కాఫీ తాగుతుంటే ఆమె నా లోటా వైపే చూస్తా ఉంది. ఆమెకు కాఫీ అంటే ప్రాణం. కళ్ళతోనే అడిగింది. ఒక్క చెంచా ఏం చేస్తుందిలే అనుకొని నోట్లో పోసినాను. దగ్గు. ముఖం నీలం. రెండు రోజులకు జ్వరం, ఆయాసం. కాఫీ ఊపిరితిత్తుల్లోకి పోయింది. న్యుమోనియా. మళ్ళీ తొమ్మిది రోజులు ఆస్పత్రి. చెప్పిన అమ్మాయి సరిగ్గానే చెప్పింది. తప్పు నాది. ఈ మాట నా పిల్లలకు కూడా చాలా రోజులు చెప్పలేదు. ఇప్పుడు మీ అందరి ముందర చెప్తున్నా, ఎందుకంటే ఇంకొకరు ఆ చెంచా పోయకూడదు.

పల్చటిది ఎందుకు ప్రమాదం? నా భాషలో చెప్తా. గొంతులో రెండు లైన్లు. ఒకటి కడుపుకు, ఒకటి ఊపిరికి. మింగినప్పుడల్లా పాయింట్లు మారాల. స్ట్రోక్ వచ్చినోళ్ళకు పాయింట్లు మారడం లేటు. నీళ్ళు ఎక్స్‌ప్రెస్ బండి. పాయింటు మారే లోపలే దూసుకొని తప్పు లైన్లోకి పోతుంది. చిక్కటిది గూడ్సు బండి. నిదానంగా వస్తుంది, పాయింటు మారడానికి టైము ఇస్తుంది. మరీ గట్టిగా ఉన్నా కష్టమే, గొంతులో నిలిచిపోతుంది. అందుకే దోసె పిండి లెక్క.

ఆ లెక్క కుదిర్చే మిషను మన అందరి ఇండ్లలో ఉంది, మిక్సీ. మాది 1984లో పెళ్ళయిన ఏడాది పండగ అడ్వాన్సు తీసుకొని కొన్నది, సుమీత్. ఆ పేరు వెనక కథ కొందరికి తెలిసే ఉంటుంది. సత్యప్రకాశ్ మాథుర్ అని ఒక ఇంజనీరు. ఆయన భార్య మాధురి గారి విదేశీ మిక్సర్ మన రుబ్బుడుకు తట్టుకోలేక కాలిపోతే, మన వంటకు తగ్గ మోటారుతో ఆయనే మిక్సీ తయారు చేసినారు. 1960లలో మొదలైంది. విదేశాల వాళ్ళ బ్లెండర్ జ్యూసులకు, సూపులకు సరిపోతుంది. మనకు కొబ్బరి చట్నీ, మిరప్పొడి, నానిన పప్పు అన్నీ ఒకే మోటారు మీద తిరగాల. తమిళనాడులో 2011లో జయలలితమ్మ ప్రభుత్వం ఇంటింటికీ ఉచితంగా మిక్సీ, గ్రైండరు, ఫ్యాను ఇచ్చిందంటే, ఆడవాళ్ళ రెక్కల కష్టం ఎంతో అర్థం చేసుకోండి. నేను మాత్రం ముప్పై ఏడేళ్ళలో ఆ మిక్సీ సౌండుకు టీవీ వాల్యూము పెంచడం తప్ప ఇంకేం చేయలేదు.

రెండోసారి ఆస్పత్రి నుంచి వచ్చినాక ఆమెను చక్రాల కుర్చీలో వంటింటి గడప దగ్గర కూర్చోబెట్టుకున్నాను. ఎడమ చెయ్యే మాకు సిగ్నలు. వేలు ఎత్తితే ఇంకొంచెం నీళ్ళు. పిడికిలి మూస్తే ఆపు. ఆమె నా మేనమామ కూతురు, చిన్నప్పట్నుంచి నన్ను "బావా" అనే పిలుస్తుంది. ఆ రోజుల్లో "బా" వరకే వచ్చేది. ఆ "బా" కోపమా, మెచ్చుకోలా అనేది గొంతును బట్టి తెలుసుకోవాల.

మొదటి రోజే మిక్సీ ఆగిపోయింది. జారు నిండా కుక్కేసినాను కదా. పాత మిక్సీ చచ్చిపోయిందని కొత్తది కొనుక్కొచ్చినాను. వారానికి అదీ ఆగింది. పక్కింటి పిల్లోడు వచ్చి దాన్ని తలకిందులు చేసి, అడుగున ఉన్న ఎర్ర బటన్ నొక్కినాడు. తిరిగింది! లోడు ఎక్కువైతే మోటారు కాలిపోకుండా అదే ఆగుతుందట. అట్లా ఆగితే కాసేపు చల్లారనిచ్చి ఆ బటన్ నొక్కండి. మెకానిక్ దగ్గరికి పరుగెత్తకండి.

ఇంకో రెండు సంగతులు. జారు మూడింట రెండు వంతులకు మించి నింపొద్దు. పొగలు కక్కే సూపు పోసి మూత పెట్టి తిప్పొద్దు, ఆవిరికి మూత ఎగిరి మొహాన పడుతుంది. నా జుబ్బాలు రెండు అట్లనే పోయినాయి.

ఇప్పుడు నేను నేర్చుకున్న వంటలు.

ఒకటి, రాగి పాలు. మనం రాగులు అంటాము, కోస్తావాళ్ళు చోళ్ళు, తెలంగాణ వాళ్ళు తైదలు, మా బళ్ళో కేళ్వరగు. ఒక గుప్పెడు రాత్రి నానబెట్టండి. పొద్దున కడిగి, గ్లాసు నీళ్ళతో మిక్సీలో మెత్తగా తిప్పి, పల్చటి గుడ్డలో పిండండి. పిప్పిని అర గ్లాసు నీళ్ళతో ఇంకోసారి. ఆ పాలను సన్న మంట మీద కలుపుతా ఉడికించండి. పది నిమిషాలు చెయ్యి ఆపకూడదు, ఆపితే ఉండ కడుతుంది. కాచిన పాలు చేర్చండి. బెల్లం కరిగించి వడకట్టి, కిందికి దించినాక వేయండి. మంట మీద వేస్తే పాలు విరుగుతాయి. వంద గ్రాముల రాగుల్లో దగ్గర దగ్గర 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది, బియ్యంలో అందులో ఇరవయ్యో వంతు కూడా లేదు. మా అమ్మ రోట్లో రుబ్బి గుడ్డలో పిండి నాకు పోసింది. మా ఇంటావిడ ఇదే మిక్సీలో మా ఇద్దరు పిల్లలకు పోసింది. నేను ఆమెకు పోసినాను. ఆ పొద్దున నేను వంటింట్లో కాసేపు వెనక్కి తిరిగి నిలబడినాను, ఆమె చూడకుండా.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఒకసారి తెలివి చూపించి మొలకెత్తిన రాగుల మాల్టు పిండి తెచ్చినాను, బలం ఎక్కువని. ఎంత ఉడికించినా చిక్కబడదు! థెరపిస్టు అమ్మాయి చెప్పింది: మొలకెత్తేటప్పుడు గింజలో పుట్టే ఎంజైము పిండిని విరగ్గొడుతుందట. చంటిపిల్లలకు అది మంచిదే, పల్చగా ఉండి పిండి ఎక్కువ పడుతుంది. మింగలేనోళ్ళకు మాత్రం కాదు. మన ఎంగిల్లోనూ అదే జాతి ఎంజైము ఉంది. అందుకే తినిపించిన చెంచా గిన్నెలో ముంచితే, కాసేపటికి గిన్నెంతా నీళ్ళవుతుంది. కొంచెం కొంచెం వేరే కప్పులోకి తీసి తినిపించండి.

రెండు, సొరకాయ పెసరపప్పు సూపు. సొరకాయ, ఒక క్యారెట్, గుప్పెడు పెసరపప్పు కుక్కర్లో నాలుగు కూతలు. చల్లారినాక మిక్సీ. జల్లెడ పట్టండి, పీచు, తొక్క ఉండకూడదు. ఉప్పు, మెత్తటి మిరియాల పొడి, నెయ్యి. నేను తినే గిన్నెలో మాత్రం ఇంగువ తిరగమోత.

మూడు, పండ్లు. హాప్‌కామ్స్ అంగట్లో బొప్పాయి, అరటి, సపోటా ఏడాదంతా దొరుకుతాయి. సపోటా గింజలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి తీయండి, టికెట్లు లెక్కపెట్టినట్టు. వేడి పాలల్లో నానిన ఖర్జూరం రెండు వేస్తే చక్కెర అక్కర్లేదు. షుగరు ఉన్నోళ్ళు డాక్టర్ని అడగండి. పుచ్చకాయ వద్దు, మిక్సీలో పడితే నీళ్ళే. ఐస్‌క్రీము కూడా నోట్లో కరిగి నీళ్ళవుతుంది, మోసం.

నాలుగు, పెరుగన్నం. మెత్తగా ఉండాలని ఎక్కువసేపు తిప్పితే అన్నం పోస్టర్లు అంటించే బంక అవుతుంది. పెరుగు ముందర పోసి, నాబ్ ఎడమకు తిప్పి పట్టుకొని వదలండి. అట్లా నాలుగుసార్లు, చాలు.

ఐదు, నాకోసం నీళ్ళ మజ్జిగ. కప్పు పెరుగు, మూడు కప్పుల నీళ్ళు, అల్లం, కరివేపాకు, కొత్తిమీర, చిటికెడు ఇంగువ, ఉప్పు. పది సెకన్లే. మరిచిపోయి తిప్పితే వెన్న తేలుతుంది. రామనవమికి మల్లేశ్వరంలో, బసవనగుడిలో పంచే నీరుమజ్జిగె ఇదే.

తినిపించేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టండి. గడ్డం కొంచెం కిందికి. చిన్న చెంచా. మింగినారని చూసి ఇంకో చెంచా. తిన్నాక అరగంట పడుకోబెట్టొద్దు. ముఖ్యమైన మాట: మా ఇంటి లెక్క మీ ఇంటికి సరిపోదు. ఎంత చిక్కగా ఉండాలో మింగడం పరీక్ష చేసినోళ్ళే చెప్పాల. కొందరికి మందుల షాపులో దొరికే చిక్కబరిచే పొడి కలపమంటారు. నేను తల ఊపినట్టు ఊపకండి. చేసి చూపించండి అని అడగండి, అదే కప్పులో.

మాకు పదకొండు నెలలు పట్టింది. ఆమె ఎక్సర్‌సైజులు ఒక్కరోజూ ఎగ్గొట్టలేదు. మళ్ళీ పరీక్ష చేసి, పల్చటివి నిదానంగా ఇవ్వొచ్చు అన్నారు. నాకు ధైర్యం రాలేదు. వారం రోజులు వాయిదా వేసినాను. ఆమే నా మజ్జిగ గ్లాసు ఎడమ చేత్తో లాక్కొని ఒక గుటక తాగింది. నేను ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. దగ్గు రాలేదు. గ్లాసు కింద పెట్టి, మాట కూడదీసుకొని, "ఉప్పు... తక్కువ... బావా" అంది. మూడు మాటలు! ఇప్పుడు పొద్దున కాఫీ కూడా తాగుతుంది. కలిపేది నేనే. డికాషను సరిగ్గా లేదని రోజూ చెప్తుంది.

మన సంఘంలో చాలామందిమి అరవై దాటినోళ్ళం. పిల్లలు అమెరికాలోనో పూనాలోనో ఉన్నారు. ఇంట్లో ఉండేది ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒక్కరికే వంటిల్లు తెలిస్తే, ఆ ఒక్కరు పడినరోజు ఇద్దరూ పడినట్టే. నాకు అరవై నాలుగో ఏట తెలిసింది ఈ సంగతి. మీకు ముందే తెలియాలని ఇంత పొడుగు రాసినాను.

అందుకే ఒక మనవి. వచ్చే నెల మొదటి ఆదివారం, మీటింగు అయినాక, హాలు వెనకాల వంటగదిలో మా మిక్సీ పెడతాను. మొగవాళ్ళు మాత్రమే రండి. రాగులు నేను నానబెట్టుకొని వస్తా, పాతగుడ్డ మీరు తెచ్చుకోండి. ఆడవాళ్ళు బయట కుర్చీల్లో కూర్చొని కబుర్లు చెప్పుకోవచ్చు. లోపల ఏదైనా పగిలిన సౌండు వచ్చినా లేచి రావొద్దు.

మా ఇంటావిడ మాత్రం వస్తుంది. గడప దగ్గర ఆమె కుర్చీ ఉంటుంది. పిడికిలి మూస్తే ఆపేయండి.