ఉదీచీ జ్యోతి

తెల్లవారుజామున మూడు గంటలకు మేల్కొనుట నా నిత్యవిధి. ఆ వేళ శీతకాలమున స్వీడన్‌లోని అబిస్కోలో రాత్రి పదిన్నర. అర్చకత్వము వద్దని వెళ్లిన కుమారుడు ఆ ప్రాంతముననే ఉద్యోగి. అందుచేత స్నానమునకు ముందు అక్కడి లైవ్ కెమెరాను చూచుట అలవాటైనది.

పంచాంగము గ్రహణమును ఏండ్ల ముందే చెప్పును. ఈ జ్యోతి అట్లు కాదు. కేపీ సూచిక ఎంత ఆశ పెట్టినను, నేను అర్ఘ్యమిచ్చు సూర్యుని నుండి వెలువడిన సౌరపవనము 15 లక్షల కిలోమీటర్ల దూరాన ఉన్న ఉపగ్రహమును తాకిన పిదపనే నిశ్చయము. అప్పటికి మిగులునది గంటలోపే.

మొన్న తెరపై ఆకాశమంతయు హరితవర్ణము. ఉత్సాహముతో కుమారునికి ఫోన్ చేసితిని.

“నేను బయటే ఉన్నాను నాన్నగారూ. ఇవాళ మందంగా ఉంది, కంటికి బూడిదరంగు మబ్బులాగే ఉంది. కెమెరా వెలుగును కొన్ని క్షణాలు కూడబెట్టి పచ్చగా చూపిస్తుంది.”

ఇంద్రియము విషయముతో కూడినప్పుడు కలుగు జ్ఞానమే ప్రత్యక్షమని శిష్యులకు చెప్పువాడను, నిరుత్తరుడనైతిని. తలకు టోపీ ఉన్నదా అని మాత్రము అడిగితిని.