సముద్రం వెనక్కి పోతే...

'సునామీ' అన్న మాట మన ఇళ్ళలోకి 2004 డిసెంబరు 26న వచ్చింది. అంతకు ముందు మనకు తెలిసింది ఉప్పెన. 1977లో దివిసీమను ముంచేసింది అదే. అయితే ఉప్పెనకి ముందు ఈదురుగాలి ఉంటుంది, వాన ఉంటుంది. సునామీకి అవేమీ అక్కర్లేదు. చక్కగా ఎండ కాస్తున్న ఆదివారం పొద్దున్నే వచ్చి పడింది.

ఎందుకొస్తుందీ అంటే, ఆర్ట్స్ చదివిన దాన్ని గనుక నాకు తెలిసిన భాషలో చెబుతాను. బీరువా సొరుగు ఎప్పుడైనా బిగుసుకుపోయిందా మీకు? లాగుతాం, రాదు. ఇంకా గట్టిగా లాగుతాం, అయినా రాదు. ఉన్నట్టుండి ఊడివస్తుంది. అంతే, సామానంతా నేలపాలు!

సుమత్రా దీవి పక్కన సముద్రం అడుగున జరిగిందీ అదే. మన దేశాన్ని మోస్తున్న భూఫలకం ఏడాదికి కొద్ది సెంటీమీటర్ల చొప్పున పక్క ఫలకం కిందికి దూరుతోంది. రెండూ ఒకచోట బిగుసుకుపోయాయి. పైఫలకం అంచు కిందికి వంగుతూ, వంగుతూ వందల ఏళ్ళు ఓర్చుకుంది. ఆడదాన్ని "భూదేవంత ఓర్పు" అని మెచ్చుకునేవాళ్ళు గమనించాలి, ఆ భూదేవి ఓర్పుకీ ఒక హద్దుంది! ఆ ఉదయం అది తెగింది. పన్నెండువందల కిలోమీటర్లకు పైగా పగులు సాగింది. వంగిన అంచు పైకెగిరి సముద్రపు నేలనే కొన్ని మీటర్లు లేపింది. నేల లేస్తే దానిమీది నీళ్ళూ లేవాలి కదా!

మామూలు అల గాలికి పుట్టి పైపైన కదులుతుంది. ఇది అడుగునుంచీ కదిలిన నీరు. నడిసముద్రంలో జెట్ విమానమంత వేగం, ఎత్తు మాత్రం మీటరైనా ఉండదు. పడవలో ఉన్నవాడికి తెలియనే తెలియదు. చేపలు పట్టుకుని తిరిగొచ్చిన జాలరులకి రేవు కొట్టుకుపోయి కనిపించేదట. అందుకే జపాను వాళ్ళు దాన్ని 'రేవు అల' అన్నారు. సునామీ అంటే అర్థం అదే. ఒడ్డు దగ్గర లోతు తగ్గేసరికి ముందరి నీరు నెమ్మదిస్తుంది. వెనకనుంచి వచ్చేది దాన్ని తరుముకొచ్చి మీదికెక్కుతుంది. అలా గోడలా లేస్తుంది.

కొన్నిచోట్ల అలకంటే ముందు పల్లం వస్తుంది. సముద్రం చాలా దూరం వెనక్కి పోయి, చేపలు ఇసుకలో కొట్టుకుంటాయి. థాయిలాండ్‌లో ఆ వింత చూస్తూ నిలబడిపోయిన వాళ్ళెందరో! ఆ రోజు మొత్తం పద్నాలుగు దేశాల్లో రెండు లక్షలమందికి పైగా పోయారు. మన కోస్తాకి అల చేరడానికి రెండు గంటలకు పైనే పట్టింది. అయినా చెప్పేవాళ్ళు లేక, మన ఆంధ్ర తీరంలోనే సుమారు నూరుమంది పోయారు.

ఇక సుమత్రా పక్కనే ఉన్న సిమెలూ అనే దీవి సంగతి వినండి. భూకంపం పుట్టిన చోటికి అతి దగ్గర. అల పది నిమిషాల్లోపే చేరింది. దాదాపు 78 వేల జనాభాలో పోయింది ఏడుగురు! వాళ్ళ దగ్గర యంత్రాలు లేవు. ఉన్నదల్లా 'స్మాంగ్' అన్న ఒక్క మాట. 1907లో ఇలాంటి అలే వచ్చి ఊళ్ళు తుడిచేస్తే, ఆ సంగతిని అమ్మమ్మలూ తాతయ్యలూ కథగా, పాటగా పిల్లల చెవిన వేస్తూ వచ్చారు. భూమి గట్టిగా ఊగి సముద్రం వెనక్కి పోతే, చూస్తూ నిలబడకు, మెట్టకు పరుగెత్తు అని! తొంభై ఏడేళ్ళ తర్వాత "స్మాంగ్" అని ఒకరు అరిస్తే, ఊరు ఊరంతా కొండమీద ఉంది.

2007 నుంచి మన హైదరాబాదులోనే సునామీ హెచ్చరిక కేంద్రం పనిచేస్తోంది. సంతోషమే. కాని పది నిమిషాలే వ్యవధి ఉన్నచోట హెచ్చరిక చేరేలోపే కాళ్ళకి పని చెప్పాలి.

వేసవి సెలవుల్లో పిల్లల్ని భీమిలికో, సూర్యలంకకో తీసుకెళ్తూనే ఉంటాం. పులిహోర పొట్లాలు విప్పేముందు ఓ నాలుగు మాటలు చెప్పండి. నేల ఊగినా, సముద్రం వింతగా వెనక్కి పోయినా ఎత్తుకు పరుగెత్తాలి. వెనక్కి పోకుండా నేరుగా అలే రావచ్చు. మొదటి అల తగ్గిందని కిందికి దిగకూడదు, తర్వాతిది ఇంకా పెద్దది కావచ్చు. పిల్లలు "ఊరుకో అమ్మా" అని నవ్వుతారు. నవ్వనివ్వండి. సిమెలూలో పిల్లలు కూడా నవ్వే ఉంటారు.