కారంచేడు వెళ్లొచ్చి చేసిన చల్లటి పాస్తా

మే నెల. పొద్దున్నే చీరాలలో రైలు దిగేసరికే చెమటలు. ప్లాన్ సింపుల్. ముందు కారంచేడు, సాయంత్రం ఓడరేవు బీచ్, మధ్యలో మా రూమ్మేట్ వాళ్ల అమ్మమ్మకి నా చేతి పాస్తా సలాడ్. పాస్తా ప్యాకెట్, ట్యూనా డబ్బా హైదరాబాద్ నుంచే తెచ్చుకున్నా.

నాకు కారంచేడు అంటే నిర్మాత రామానాయుడు గారి సొంతూరు. అంతే తెలుసు. రూమ్మేట్‌కి అది అమ్మమ్మ వదిలేసి వచ్చిన ఊరు. ఆవిడ ఇప్పుడు ఉండేది చీరాల విజయనగర్ కాలనీలో. "మీరు చూసి రండమ్మా, నేను రాను" అంది.

ఆటోలో వెళ్లాం. పొలాలు, పెద్ద పెద్ద మేడలు. దారిలో రూమ్మేట్ చెప్పింది. 1985 జులై 16న, దళితులు తాగే నీళ్ల చెరువు దగ్గర గేదెల కుడితి బకెట్ కడుగుతుంటే ఒక కుర్రాడు వద్దన్నాడు. అతన్ని కొట్టబోతే మున్నంగి సువార్త నీళ్ల బిందె ఎత్తి అడ్డు నిలిచారు. మర్నాడు పొద్దున దళితవాడ మీద దాడి. ఆరుగురిని చంపేశారు. మిగిలినవాళ్లు చీరాల పారిపోయి, ఇక తిరిగి వెళ్లలేదు. దళిత మహాసభ పుట్టింది ఆ తర్వాతే. సుప్రీంకోర్టు తీర్పు వచ్చేసరికి 2008.

అప్పటికి అమ్మమ్మకి దాదాపు నా వయసే.

తిరిగొచ్చాక వంటింట్లో దూరాం. డబ్బా చూసి అమ్మమ్మ నవ్వింది. "ఓడరేవులో తాజా సూర చేప దొరుకుతుంటే డబ్బా చేపేందమ్మా?"

నలుగురికి 200 గ్రాముల పాస్తా చాలు. ఉప్పు వేసిన నీళ్లలో బాగా మెత్తబడేదాకా ఉడికించాలి, చల్లారితే మళ్లీ గట్టిపడుతుంది కాబట్టి. ఉల్లిపాయ సన్నగా తరిగి పది నిమిషాలు చల్లనీళ్లలో వేస్తే ఘాటు పోతుంది. దోసకాయ, టమాటా ముక్కలు, నూనె వంపేసిన ట్యూనా, మిరియాల పొడి, నిమ్మరసం. మయోనీస్ బదులు గుడ్డలో కట్టి నీరు తీసిన పెరుగు. అన్నీ కలిపి అరగంట ఫ్రిజ్‌లో పెట్టాలి. ఈ ఎండల్లో బయట ఎక్కువసేపు ఉంచకూడదు.

పాస్తా చల్లబడాలని కుళాయి కింద పెట్టి నీళ్లు వదిలేశా. అమ్మమ్మ గబగబా వచ్చి కింద బకెట్ పెట్టింది.

"నీళ్లు పారబోయమాకమ్మా. మొక్కలకి పోస్తా."

కోప్పడలేదు. ఇంకేం చెప్పలేదు కూడా. నేను కుళాయి కట్టేశా.

ముగ్గురం ఒకే గిన్నెలోంచి వడ్డించుకున్నాం. "పుల్లగా బాగుంది, కారం మాత్రం లేదు" అని పచ్చిమిరపకాయ కొరుక్కుంది అమ్మమ్మ. తను తాగిన స్టీలు గ్లాసే కడిగి, నీళ్లు నింపి నాకిచ్చింది.

అప్పుడు గుర్తొచ్చింది. మా ఇంట్లో పనికొచ్చే అక్కకి ఒక గ్లాసు ఉంటుంది, వెనక కిటికీలో. చిన్నప్పటి నుంచీ అక్కడే చూస్తున్నా. ఎందుకని ఎప్పుడూ అడగలేదు.

ఆ సాయంత్రం బీచ్‌కి వెళ్లలేదు. ఇంటికి ఫోన్ చేశా. "అమ్మా, వెనక కిటికీలో గ్లాసు ఇంకా ఉందా?" అవతల కాసేపు మాట లేదు. "ఉంది, ఎందుకు?" అంది.

వచ్చే వారం మా ఊరు వెళ్తున్నా. పాస్తా, ట్యూనా కొన్నా. అక్కని కూడా మాతో పాటు కూర్చోబెట్టాలి. ముందు ఆ గ్లాసు సంగతి చూడాలి.