నీటి లెక్క – పాఠ పరిష్కరణ

తెలుగు సాహిత్యం బోధించేవాడికి భూగర్భజలాల లెక్కతో పనేమిటని కొందరు మిత్రులు అడిగారు. పని వున్నదనే ఈ వ్యాసం. మా కళాశాలలో భూగర్భశాస్త్రం చెప్పే సహాధ్యాపకుడు తన విద్యార్థుల కోసం మోడల్‌మ్యూజ్ అనే సాఫ్ట్‌వేర్‌కి తెలుగులో ఒక చిన్న కరదీపిక తయారు చేస్తున్నాడు. ఆ విద్యార్థులలో అధికభాగం పల్లెల నుంచి వచ్చినవారు. బోరు ఎండితే ఇంట్లో ఏమవుతుందో పుస్తకాలు చూడకుండానే ఎరిగినవారు. ఆ కరదీపికలో ఎడిట్ మెనూ ప్రకరణానికి తెలుగు మాటలు కూర్చే పని నాకు అప్పగించాడు. మాటలు వెతకబోతే, వాటి వెనుక మనబోటివాళ్ళం విమర్శించవలసిన విషయం ఒకటి కనిపించింది.

ముందు ఆ సాఫ్ట్‌వేర్ చేసే పని చెప్పాలి. నేలను గళ్ళు గళ్ళుగా విభజిస్తారు. ఒక గడి నుంచి పక్క గడికి నీరు ఎంత పారుతుందో నీటిమట్టాల తేడానుబట్టి, అక్కడి రాయీ మన్నూ నీటిని సాగనిచ్చే గుణాన్నిబట్టి లెక్క కడతారు. దీనికి మూలం ఫ్రాన్సులో హెన్రీ డార్సీ 1856లో ప్రకటించిన సూత్రం. ఆ లెక్కను కంప్యూటరు చేత చేయించే మాడ్‌ఫ్లో అనే ప్రోగ్రామును అమెరికా భూగర్భ పరిశోధన సంస్థ 1984లో వెలువరించింది. దానికి బొమ్మలతో, మెనూలతో ముఖద్వారం వంటిది మోడల్‌మ్యూజ్. అదే సంస్థ 2009లో దాన్ని విడుదల చేసింది. రెండూ ప్రజాధనంతో తయారైనవి, రెండూ ఉచితం, రెంటి లోగుట్టూ ఎవరైనా చదవవచ్చు. విజ్ఞానం అమ్ముడుసరుకైన ఈ రోజుల్లో ఇది సామాన్య విషయం కాదు.

ఇక ఎడిట్ అనే మాట. సవరణ అనవచ్చు. కాని మా శాస్త్రంలో దానికి మరో పేరున్నది: పరిష్కరణ. సి.పి. బ్రౌను 1829లో వేమన పద్యాలు అచ్చువేసే ముందు అనేక వ్రాతప్రతులను సేకరించి పోల్చి చూశాడు. ఆ తరువాత వచ్చిన మన పరిష్కర్తలు ఒక నియమం ఏర్పరచుకొన్నారు. ఒక పాఠాన్ని పైకి తీసుకొంటే, తోసివేసిన పాఠాలను అడుగున చూపాలి. ఏ ప్రతిలో ఏమున్నదో, తాము ఎక్కడ చెయ్యి చేసుకొన్నారో చెప్పాలి. అడుగున వున్న ఆ చిన్న అక్షరాలే పాఠకుడికి రక్షణ. పరిష్కర్త తీర్పు నచ్చకపోతే, దాన్ని కాదనడానికి కావలసిన సరంజామా ఆ పేజీలోనే దొరుకుతుంది.

ఎడిట్ మెనూకి ఈ నియమం లేదు. అన్‌డూ సంగతి చూడండి. మ్యాపు మీద ఒక బోరు పెట్టి, వద్దనుకొంటే అన్‌డూ నొక్కితే పోతుంది. రీడూ నొక్కితే తిరిగి వస్తుంది. చివర చేసిన పని ముందు, దాని వెనుకటిది తరువాత, వరసగా వెనక్కి పోతుంది. దీనికి మా విద్యార్థులు చెప్పిన ‘వెనక్కి తియ్యి’ అన్న మాటే ఖాయం చేశాము. కాని వెనక్కి వెళ్ళేది మనం గీసిన గీతా, వేసిన అంకే తప్ప, ఆ అంకెతో అదివరకే కట్టిన ఫలితం కాదు. మాడ్‌ఫ్లోని మళ్ళీ నడిపిస్తేగాని నీటిమట్టాల పటం మారదు. అంచేత తెర మీద బోర్లు ఒక పాఠానివి, వాటి కింద రంగులు వేసిన నీటిమట్టాలు మరొక పాఠానివి కావచ్చు. ఆ పటం అచ్చయి ఒక నివేదికలో చేరితే, చదివేవాడికి ఈ సంగతి తెలిసే దారి లేదు. అన్‌డూ జాబితా అయినా సాధారణంగా ప్రోగ్రాము మూసేవరకే వుంటుంది. మరునాడు తెరిచినవాడికి కనిపించేది శుభ్రమైన ప్రతి, పాఠాంతరాలు వుండవు.

కాపీ, పేస్ట్ ఇంకా ఆలోచించదగినవి. కాపీకి నకలు అన్నాము. రెవెన్యూ కార్యాలయంలో అడంగల్ నకలు తీసుకొంటే దాని మీద సంతకం, ముద్ర వుంటాయి. అది దేని నకలో, ఎవరు సరిచూశారో తెలుస్తుంది. ఇక్కడి నకలుకు ముద్ర లేదు. ఒక బోరును నకలు తీసి మరోచోట అతికిస్తే, దానితోపాటు రోజుకి ఎంత తోడుతుందన్న అంకె కూడా వచ్చి కూర్చుంటుంది. పల్లెలో ప్రతి బోరు తోడేది కొలిచినవారు అరుదు కాబట్టి ఒకదాని అంకె నలభైకి అతికించడం సులభం. అప్పుడు జరిగేదేమిటి? చీనీతోటకు మూడు బోర్లు వేసి పెద్ద మోటారు నడిపే ఆసామీ, ఎకరం వేరుశనగకు ఒక తడి కోసం రాత్రంతా కరెంటుకు కాచుకొని కూర్చునే రైతూ మోడల్‌లో సమానులైపోతారు. నేల మీద సాధించలేని సమానత్వం తెర మీద ఒక్క నొక్కుతో సిద్ధిస్తుంది! ఊరంతటి మీద ఆ మోడల్ ఒకే ఆంక్ష సూచిస్తే, ఆ ఆంక్ష ఎవరి పొలంలో బరువుగా దిగుతుందో చెప్పనక్కరలేదు. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం కాలం నుంచీ నేల కింది నీరు ఆ నేలగలవాడి హక్కుగా చెల్లుతూ వస్తున్నది. అలాంటప్పుడు భూమి లేని కూలీకి అతికించడానికైనా బోరు లేదు. అతని దాహం ఏ గడిలోనూ నమోదు కాదు.

అన్ని గళ్ళనూ ఒకేసారి ఎంచుకొని ఒకే విలువ ఇవ్వడం కూడా ఇటువంటిదే. రాయలసీమ, తెలంగాణ ప్రాంతాలలో అధికభాగం గ్రానైటు, నైసు రాళ్ళ నేల. పైన శిథిలమైన పొరలోనూ, దాని కింది పగుళ్ళలోనూ మాత్రమే నీరు వుంటుంది. ఒక పొలంలో బోరు పడి పక్క పొలంలో పడకపోవడం ఇక్కడ వింత కాదు. ఒకే విలువ ఆ పగుళ్ళన్నిటినీ నున్నగా పూసివేస్తుంది.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టినది మెనూలో కనిపించని ఒక చెరిపివేత. మాడ్‌ఫ్లో పాత రూపాలలో సాధారణంగా వాడే పద్ధతి ప్రకారం, నీటిమట్టం గడి అడుగుకన్నా దిగువకు పడిపోతే ఆ గడి ‘ఎండినది’ అవుతుంది. అది లెక్కలోనుంచి తప్పుకొంటుంది. దానితోపాటు అందులోని బోరూ తప్పుకొంటుంది. డిలీట్ ఎవరూ నొక్కలేదు. అయినా బోరు లేదు. తోడకం తగ్గింది కాబట్టి చుట్టుపక్కల మట్టాలు కొంచెం కుదుటపడినట్టు కూడా కనిపించవచ్చు. 2011లో వచ్చిన ఒక రూపమూ, 2017లో వచ్చిన మాడ్‌ఫ్లో 6 కల్పించిన మార్గాలూ ఈ చిక్కును చాలావరకు సరిచేశాయి. గడి ఎండుతున్నకొద్దీ తోడకాన్ని క్రమంగా తగ్గించే వీలు కల్పించాయి. కాని లెక్క సరిపడినంత మాత్రాన బతుకు సరిపడుతుందా? బోరు ఎండిన రైతు లెక్కలోనుంచి తప్పుకోడు. అప్పుతో సహా వుంటాడు. మరో చోట, మరింత లోతుకు, మరో అప్పుతో తవ్విస్తాడు. అతనికి వెనక్కి తీసే ఆజ్ఞ ఏ మెనూలోనూ లేదు.

ఈ మాటలు విన్న నా సహాధ్యాపకుడు నవ్వి, సరళం చేయకపోతే మోడలే లేదన్నాడు. నిజమే. కొలిచిన నీటిమట్టాలతో పోల్చి విలువలు సరిదిద్దుతామని కూడా అన్నాడు. అదీ నిజమే. కాని అవే మట్టాలకు వేరు వేరు విలువల కూర్పులు సమంగా సరిపోవచ్చునని చెప్పినదీ అతనే. అంటే ఒకే గ్రంథానికి పాఠాలు అనేకమన్నమాట. నా వాదన సరళీకరణ మీద కాదు. పాఠాంతరాలను దాచే అలవాటు మీద. ఒక కవి పద్యంలో ఒక్క అక్షరం మార్చితే సంజాయిషీ అడిగే మనం, ఒక ఊరి నీటిని నిర్ణయించే ప్రతిలో వంద అంకెలు మారితే ఎందుకు అడగరాదు?

అడగడం సాధ్యమేనని మన నేల మీదే రుజువైంది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాలలో రైతులే భూగర్భజలాల యాజమాన్యం చేపట్టే పథకం ఒకటి మొదలైంది. రైతులు, వారిలో స్త్రీలు కూడా, వానను కొలిచారు. బావుల్లో మట్టం కొలిచారు. బోరు తోడే నీరు కొలిచారు. ఆ అంకెలను ఊళ్ళో అందరికీ కనబడేటట్టు రాశారు. వున్న నీరెంత, వేయబోయే పంటలకు కావలసినదెంత అని కూర్చొని లెక్క వేసుకొన్నారు. పథకం ముగిసింది. అయినా అది నేర్పిన పాఠం పాతబడలేదు. కొలిచినవాడు, రాసినవాడు, చదివినవాడు ఒకే ఊరివారైనప్పుడు తప్పు అంకె ఎక్కువకాలం నిలవలేదు.

అంచేత మా కరదీపికలో ఎడిట్ మెనూ ప్రకరణం చివర ఒక నియమం చేర్చాము. ప్రతి విద్యార్థీ ఒక నోటుపుస్తకం పెట్టాలి. ఏ తేదీన ఏ విలువ మార్చాడు, పాతది ఎంత, ఎందుకు మార్చాడు, ఏ అంకె కొలిచినది, ఏది అతికించినది, ఏ గళ్ళు ఎండాయి, వాటిలో ఎవరి బోర్లు వున్నాయి అన్నవి రాయాలి. పెద్ద మార్పుకు ముందు ఫైలును వేరే పేరుతో దాచాలి. ఇవి కొత్త సూత్రాలు కావు. తాళపత్రాల దగ్గర మన పెద్దలు నేర్చుకొన్నవే.

సాహిత్య విద్యార్థులకు నేను చెప్పదలచినది ఇంతే. ఈనాడు ప్రజల జీవితాన్ని శాసించే గ్రంథాలు అన్నీ పద్యాలలోనూ నవలలలోనూ లేవు. కొన్ని గళ్ళలో, అంకెలలో వున్నాయి. వాటికీ కర్తలున్నారు, పరిష్కర్తలున్నారు, లోపాలున్నాయి. వాటిని చదవడం ఇంజనీర్ల పని అని ఊరుకొంటే, మన విమర్శకు బలం తగ్గుతుంది, వాళ్ళ శాస్త్రానికి సాక్షి లేకుండా పోతాడు. భూగర్భశాస్త్రం చెప్పేవాడూ తెలుగు చెప్పేవాడూ ఒక బల్ల దగ్గర కూర్చోవడానికి ఇంతకన్నా కారణం అక్కరలేదు.