పెరట్లో మంట వేసే ముందు

అమలాపురంలో చదువుతున్న, చదవడానికి రాబోతున్న మన తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఈ పోస్టు. కొంచెం పెద్దదే, చివరిదాకా చదవండి. తప్పు మాదే కాబట్టి దాచకుండా రాస్తున్నాం.

మేం నలుగురం మారేడుమిల్లి వైపు నుంచి వచ్చి, ఇక్కడ ఓ ఇంటి వెనక గది అద్దెకు తీసుకుని డిగ్రీ చదివాం. డిసెంబర్లో ఓ ఆదివారం ఇంటి మామ్మగారు ఊరెళ్తూ "పెరడు కాస్త ఊడ్చి పెట్టండి బాబూ" అన్నారు. ఎండు కొబ్బరి మట్టలు, డొక్కలు ఒకచోట పోగేశాం. ఆవిడ కాల్చమనలేదు. చెత్తా పోతుంది, చలి కాచుకున్నట్టూ ఉంటుందని చీకటి పడే వేళ మేమే అంటించాం. చిన్నప్పట్నుంచి నెగడు పక్కన పడుకున్నవాళ్ళం, నిప్పు గురించి మాకొకరు చెప్పాలా అనుకున్నాం.

ఇంతలో గాలి లేచింది. ఎండు కొబ్బరాకు తేలిక, కాలుతూనే పైకి ఎగిరిపోతుంది. అలా ఒక ముక్క వెళ్ళి పక్కవాళ్ళ తాటాకింటి మీద పడింది. ఆ ఇంట్లో కొబ్బరికాయలు ఒలిచే పనికెళ్ళే భార్యాభర్తలు, ఓ చంటిపిల్ల ఉంటారు. ఆ అక్క పిల్లనెత్తుకుని బయటకి పరిగెత్తింది. ఆ అన్న నిచ్చెనెక్కి కాలుతున్న తాటాకులు లాగి పడేస్తుంటే, మేం బోరింగు దగ్గర్నుంచి బిందెలు అందించాం. చాపంత మేర కప్పు పోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. అంతా ఆరాక ఆయన ఒకటే మాటన్నాడు. "ఇంకో గంటైతే మేం నిద్రపోయేవాళ్ళం తమ్ముడూ."

మెస్ డబ్బులతో తాటాకు కొని, ఆయనతో కలిసి మేమూ కప్పు వేశాం. కానీ వీధిలో ఎవరో "ఏజెన్సీ పిల్లలకి గదులిస్తే ఇంతే" అన్నారు. ఆ మాట గుచ్చుకుంది. మా తర్వాత గది వెతుక్కుంటూ వచ్చే మీ మీద కూడా పడేలా చేశాం కదా అనిపించింది.

నిజానికి మాకు తెలియనిదేం లేదు. మన ఊళ్ళల్లో పోడుకి నిప్పు పెట్టేముందు పెద్దవాళ్ళు చుట్టూ ఆకు ఊడ్చి బాట తీస్తారు. గాలి ఎటుందో చూస్తారు. పక్క చేను వాళ్ళకి చెప్తారు. ఆరేదాకా అక్కడే ఉంటారు. ఇక్కడ అడవి లేదు కదా అని అవన్నీ కొండమీదే వదిలేసి వచ్చాం.

మామ్మగారు తిరిగొచ్చి బాగా తిట్టారు. గది మాత్రం ఖాళీ చేయమనలేదు. తర్వాత కూర్చోబెట్టి చెప్పినవీ, మేం కనుక్కున్నవీ ఇవి:

1. గాలి ఉన్నప్పుడు మంట వద్దు. తాటాకిళ్ళు, గడ్డిమేట్లు, పశువుల పాకల దగ్గర అసలే వద్దు.

2. ముందు నీళ్ళ బిందెలు పెట్టుకోవాలి, తర్వాతే అగ్గిపుల్ల గీయాలి. పక్కింటివాళ్ళకి చెప్పాలి.

3. డొక్క పైకి ఆరినట్టే ఉంటుంది, పీచు లోపల రాత్రంతా రాజుకుంటుంది. మాకూ తెల్లవారుజామున మళ్ళీ పొగ వచ్చింది. పోగు విడదీసి, నీళ్ళు కొట్టి, బూడిద చల్లబడిందని చూశాకే పడుకోవాలి.

4. ప్లాస్టిక్, చెత్త కాల్చకూడదు. బహిరంగంగా చెత్త తగలబెడితే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున అయితే 25,000 కట్టించాలని 2016 డిసెంబర్లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది. కొబ్బరాకు కాల్చే బదులు చెట్టు మొదట్లో పరిస్తే ఎరువవుతుంది.

5. ఇక్కడ నేల కింద గ్యాస్ పైపులున్నాయి. హెచ్చరిక బోర్డున్నచోట నిప్పు పెట్టొద్దు. గ్యాస్ వాసన గానీ, బుస్సుమనే శబ్దం గానీ వస్తే అగ్గిపుల్ల గీయొద్దు, స్విచ్ వేయొద్దు. దూరంగా వెళ్ళాకే ఫోన్ చేయండి.

ఈ అయిదోది చెప్పేటప్పుడు మామ్మగారి గొంతు మారిపోయింది. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి మంట రెండు నెలల పాటు ఆరలేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరంలో గెయిల్ పైప్‌లైన్ నుంచి లీకైన గ్యాస్ అంటుకుని 20 మందికి పైగా చనిపోయారు. పొద్దున్నే టీ కొట్లో పొయ్యి వెలిగించగానే అంటుకుందని అప్పట్లో వార్తలొచ్చాయి. అక్కడ తప్పు పొయ్యిది కాదు, లీకైన పైపుది. అయినా ఆ రోజు నుంచి ఇక్కడివాళ్ళు నిప్పు ముట్టించే ముందు ఒక్క క్షణం ఆగుతారని మామ్మగారు అన్నారు.

మనమూ ఆగుదాం. 101 నంబరు ఫోన్లో పెట్టుకోండి. మీ గది పక్కన తాటాకిల్లు ఉందేమో ఈరోజే చూసుకోండి. కొత్తగా చేరిన పిల్లలకి ఈ పోస్టు చూపించండి.